ఎర్రగడ్డంలో నాగనెత్తురు

అనగనగా పొన్నగిరి అనే రాజ్యం. ఆ రాజ్యాన్ని శరభవర్మ అనే రాజు ఏలుతూ ఉండేవాడు. ఆయనకి ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, కొట్ల నిండా ధాన్యముంది. అవన్నీ ఏ రాజుకైనా ఉండేవే కాబట్టి వాటి సంగతి వదిలేద్దాం. ఆయనలో ఉన్న వింత ఒక్కటే. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎవర్నీ ఏదీ అడగలేదు.

రాజన్నవాడు ఆజ్ఞాపించాలి గానీ అడక్కూడదని చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెప్పాడట. ఈయన అదే పట్టుకుని కూర్చున్నాడు. అడవిలో దారి తప్పితే దారి అడిగేవాడు కాడు. తను రావాలనుకున్నది అటే అన్నట్టు నడిచేవాడు, వెనకాల సైన్యమంతా నోరెత్తకుండా నడిచేది. కూరలో ఉప్పు తక్కువైతే ఉప్పు అడిగేవాడు కాడు. చప్పగానే తిని లేచేవాడు.

ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరబాహు. రెండోవాడు దీర్ఘబాహు. మూడోవాడు పుట్టేనాటికి పురోహితుడి దగ్గర బాహువులు అయిపోయాయి కాబోలు, వాడికి పుండరీకుడని పేరు పెట్టాడు. పెద్దవాళ్ళిద్దరూ తండ్రి పోలికే. పీక మీద కత్తి పెట్టినా ఒక్క ప్రశ్న అడగరు. పుండరీకుడు అలా కాదు. పొద్దున లేచింది మొదలు ఎందుకు, ఏమిటి, ఏది అంటూ కోటలో అందరి ప్రాణాలూ తోడేసేవాడు.

రాజుకి వాణ్ణి చూస్తే తలవంపులుగా ఉండేది. "వీడు రాచబిడ్డలా లేడు, సంతలో బేరమాడేవాడిలా ఉన్నాడు" అని మొహం తిప్పుకునేవాడు. వాడు ఎదురుపడినా పలకరించేవాడు కాడు. పలకరించాలంటే "ఏం నాయనా" అనాలి. అదీ ప్రశ్నే కదా మరి!

కోటలో పుండరీకుడికి ఓపిగ్గా జవాబు చెప్పే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన రాజవైద్యుడు అనంతభట్టు. అందుకని పుండరీకుడు ఎప్పుడు చూసినా ఆయన మందులగదిలోనే ఉండేవాడు. ఒకసారి, బాగా చిన్నప్పుడు, భట్టు వాణ్ణి గాడిదగడపాకు కోసుకురమ్మన్నాడు. వాడు చాకిరేవుకి వెళ్ళి, ఏ గాడిదకి గడప ఉందా అని సాయంత్రందాకా వెతికి, ఒక గాడిద చేత తన్నులు తిని, కుంటుకుంటూ వచ్చాడు.

భట్టు కడుపు పట్టుకుని నవ్వాడు. "అది నేలమీద పాకే మొక్క నాయనా! గాడిదా లేదు, గడపా లేదు. మా వైద్యుల నోట్లో పేరొకటి, వస్తువొకటి. ఏనుగుపల్లేరులో ఏనుగుంటుందా? పిల్లిపీచరలో పిల్లుంటుందా? పేరు వినగానే పరిగెత్తకు. ఏదని అడుగు" అన్నాడు. ఆ గాడిద తన్ను మోకాలికి తగిలింది. ఆ మాట కూడా అక్కడే ఎక్కడో అంటుకుపోయింది.

ఇలా ఉండగా రాజు వేటకి వెళ్ళాడు. ఒక అడవిపంది ఎదురుతిరిగి కోరతో ఆయన పిక్క చీల్చేసింది. మోసుకొచ్చి మంచమ్మీద పడుకోబెట్టారు. గాయం మానదు, నెత్తురు కట్టదు. ఎన్ని గుడ్డలు కట్టినా తడిసిపోయేవి. భట్టు మోదుగ బంక నూరి పెట్టాడు. నెత్తురు కాసేపు ఆగింది, మళ్ళీ కారింది. వేగిస బంక నూరి పెట్టాడు. ఇంకాసేపు ఆగింది, మళ్ళీ కారింది. రెండూ ఎర్రబంకలే, రెండూ గాయాలకి మంచివే, కానీ ఈ గాయం వాటికి లొంగలేదు. రాజు రోజురోజుకీ పాలిపోతున్నాడు. ఎలా ఉంటుంది, తగ్గుతుందా అని వైద్యుణ్ణి ఒక్కమాట అడగడు. గోడవైపు చూస్తూ పడుకుంటాడు.

చివరికి భట్టు కొడుకులు ముగ్గుర్నీ పిలిచి, "దీనికి నాగనెత్తురు కావాలి. వానలు వెలిసేలోగా గాయానికి పెట్టాలి. లేకపోతే రాజుగారు మనకి దక్కరు. అది ఎక్కడ దొరుకుతుందంటే..." అంటూ తలెత్తి చూసేసరికి ఇద్దరు బాహువులూ అక్కడ లేరు. గుర్రాలెక్కేశారు.

రెండు రోజులకి వీరబాహు ఒక ముంత తెచ్చాడు. దాన్నిండా నాగుపాము నెత్తురు. భట్టు తలకొట్టుకుని పారబోయించాడు. ఇంకో రెండు రోజులకి దీర్ఘబాహు కుండ తెచ్చాడు. పెద్ద పామైతే పెద్ద మందు అవుతుందని కొండచిలువని కొట్టుకొచ్చాడు. భట్టు దాన్నీ పారబోయించాడు. "మీరు చెప్పిందే కదా తెచ్చాం" అని వాళ్ళిద్దరికీ కోపమొచ్చింది. మరి మీరు చెప్పిందేమిటని మాత్రం అడగలేదు.

అప్పుడు పుండరీకుడు అడిగాడు. "భట్టుగారూ, ఏ నాగు?"

"హమ్మయ్య, నువ్వొకడివి ఉన్నావు" అన్నాడు భట్టు. "నాగూ లేదు, నెత్తురూ లేదు నాయనా. అదొక చెట్టు బంక. ఏడు సముద్రాల అవతల కెంపుదీవి ఉంది. అక్కడ గొడుగులు విప్పినట్టు చెట్లుంటాయి. బెరడు మీద గాటు పెడితే ఎర్రగా కారుతుంది. మొదట చూసినవాడెవడో జడుసుకుని నాగనెత్తురన్నాడు, ఆ పేరే నిలిచిపోయింది. ఎండితే ఇటికరాయి రంగులో గడ్డకడుతుంది. నూరి నేతిలో కలిపి పెడితే ఎలాంటి నెత్తురైనా కడుతుంది, గాయం మూతి ముడుచుకుంటుంది. చిగుళ్ళు కారుతుంటే చిగుళ్ళకి రాస్తాం. బొమ్మలవాళ్ళయితే దాంతోనే బొమ్మల పెదవులు దిద్దుతారు."

"మరి మన దగ్గరెందుకు లేదు?"

"మా నాన్న రోజుల్లో ఓడలమీద వచ్చేది. ఇప్పుడు రావడం మానేసింది. ఎందుకో నాకూ తెలీదు" అని భట్టు నిజం ఒప్పుకున్నాడు. దారికి పనికొస్తాయని కాస్త నెయ్యి, కాస్త లక్క, కాస్త పసుపు మూటకట్టి ఇచ్చాడు.

పుండరీకుడు తండ్రి మంచం దగ్గరికి వెళ్ళాడు. "నాన్నగారూ, వెళ్ళొస్తాను. నొప్పి ఎక్కువగా ఉందా?" అన్నాడు. రాజు గోడవైపు చూస్తూ "వెళ్ళు" అన్నాడు. అంతే. ఎక్కడికని అడగలేదు, ఎప్పుడొస్తావని అడగలేదు. పుండరీకుడికి ఏడుపొచ్చింది. ఇంత పెద్దయ్యాక ఏడిస్తే బాగుండదని కోట దాటేదాకా ఆపుకున్నాడు.

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు పడుకుని ఉంది. గుడిసెంత తాబేలు. దాని డిప్ప నడిమధ్య పగిలి ఉంది.

"తాబేలు మావా, వీపు మీద ఏమిటది?" అన్నాడు పుండరీకుడు.

తాబేలు మెడ బయటికి చాపింది. "ఇన్నాళ్ళకి ఒకడు అడిగాడు! ఓడ గుద్దింది బాబూ. అలల్లోకి వెళితే ఉప్పునీళ్ళు దూరి భగభగ మంట."

పుండరీకుడు పుల్లలేరి మంటవేసి, లక్క కరిగించాడు. "కాస్త చురుక్కుమంటుంది, ఓర్చుకో" అని పగులులో పోశాడు. తాబేలు తన భాషలో ఏవేవో తిట్లు తిట్టింది, తర్వాత నీళ్ళలోకి దిగి చూసింది. చుక్క నీరు లోపలికి రావడం లేదు. "ఎక్కు. ఎక్కడికో చెప్పు" అంది.

ఇక ఏడు సముద్రాలు. మొదటిది ఉప్పుసముద్రం, అది మీకు తెలిసిందే. రెండోది చెరకురసం సముద్రం. అక్కడ ఈగలు ఎక్కువ. మూడోది కల్లుసముద్రం. దాని వాసనకే తాబేలు ఒకవైపుకి ఒరిగి ఈదింది. నాలుగోది నేతిసముద్రం, ఐదోది పెరుగుసముద్రం. పెరుగు బాగా తోడుకుని ఉండటంతో అక్కడ ఆలస్యమైంది. ఆరోది పాలసముద్రం, ఏడోది మంచినీళ్ళ సముద్రం. అది దాటితే కెంపుదీవి.

దీవి మీద గొడుగుచెట్లున్నాయి గానీ వాటిని చూస్తే జాలేసింది. ఒక్కో మాను మీద కింది నుంచి పైదాకా గాట్లే గాట్లు. ఒక్క గాటు నుంచీ చుక్క కారడం లేదు. చెట్ల మధ్య ఎక్కడ చూసినా రాతి మనుషులు. కొందరు కిరీటాలు పెట్టుకున్నవాళ్ళు. కిరీటాలున్న ప్రతివాడి గుప్పిట్లోనూ ఒక రాతి చిలక ఉంది. ఆ రాళ్ళ మధ్య ఒక అమ్మాయి చెట్టు మొదట్లో కూర్చుని, ఎండిన బెరడుని కత్తితో గీకి ఆకుదొప్పలోకి రాల్చుతోంది.

"అమ్మాయీ, ఎవరు నువ్వు? వీళ్ళెవరు? ఈ చెట్లకేమైంది?" అన్నాడు పుండరీకుడు.

ఆ అమ్మాయి కత్తి ఆపింది. "ఒక్కొక్కటీ అడగండి బాబూ. నా పేరు మంజిష్ఠ. మాది ఈ దీవే. మా వాళ్ళు ఈ చెట్ల బంక తీసేవాళ్ళు. చెట్టుకి ఏడాదికి ఒక్కటే గాటు, వాలుగా. కింద ఒక దొప్ప కట్టేవాళ్ళు. దొప్ప నిండగానే గాటుకి మట్టిమెత్తి, మళ్ళీ ఏడాదిదాకా ఆ చెట్టుని ముట్టుకునేవాళ్ళు కారు. తర్వాత కరాళుడనే మాంత్రికుడొచ్చాడు. ఆయన మంత్రమంతా గడ్డంలో ఉంది. గడ్డం ఎర్రగా ఉన్నంతకాలమే మంత్రం పారుతుంది. గడ్డమేమో నెరిసిపోతోంది. అందుకని రోజూ ఈ బంకతో రంగు వేయించుకుంటాడు. చెట్లు చచ్చిపోతాయని చెప్పినందుకు మా అమ్మానాన్నల్నీ మా వాళ్ళందర్నీ రాళ్ళు చేశాడు. రంగు వేయడానికి నన్నొక్కదాన్నీ ఉంచుకున్నాడు."

"నాకు కాస్త బంక కావాలి. మా నాన్నగారు మంచంలో ఉన్నారు. ఎక్కడైనా మిగిలి ఉందా?"

మంజిష్ఠ దొప్ప చూపించింది. అందులో ఉన్నది బెరడు పొట్టు. "దీవిలో ఉన్న నాగనెత్తురంతా ఇప్పుడు ఆయన గడ్డంలోనే ఉంది" అంది.

వానలు వెలవడానికి ఇంక ఎంతో లేదు. పుండరీకుడు వేళ్ళమీద రోజులు లెక్కపెట్టి, "అయితే గడ్డమే అడుగుతాను" అన్నాడు.

"అడుగుతారా!" అని మంజిష్ఠ నవ్వింది. నవ్వి చాలాకాలమైంది కాబట్టి ఆ నవ్వు కాస్త తుప్పుపట్టినట్టు వచ్చింది. "వెళ్ళండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆయన అబద్ధమాడడు. మంచివాడని కాదు. అబద్ధమాడితే గడ్డంలో ఎరుపు పోతుంది, అందుకని."

మాంత్రికుడి మేడలో చావడిలాంటి గది ఉంది. అందులో కరాళుడు కూర్చుని గడ్డం దువ్వుకుంటున్నాడు. మోకాళ్ళదాకా గడ్డం, పండిన మిరపకాయ రంగు. పక్కన ఇత్తడి పంజరంలో ఒక చిలక. పుండరీకుడు చేతులు జోడించి, "నమస్కారం తాతగారూ" అన్నాడు.

"ఎవడ్రా తాత!" అని కరాళుడు కస్సుమన్నాడు. గడ్డానికి అంత కష్టపడి రంగేసుకున్నవాడికి ఆ మాట ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

పుండరీకుడి ఉత్తరీయం తడిసి కారుతోంది. దాన్ని ఆరేద్దామని చూస్తే గోడకి బట్టలు తగిలించుకునే చిలకకొయ్యలు రెండున్నాయి. దగ్గరున్న కొయ్యకి తగిలించబోయాడు.

"దానికి కాదు! అటుపక్కదానికి!" అని అరిచాడు కరాళుడు.

సరేనని అటుపక్కదానికి తగిలించాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. "మా నాన్నగారి గాయానికి నాగనెత్తురు కావాలి. మీ గడ్డం ఇస్తారా తాతగారూ?"

కరాళుడు పగలబడి నవ్వాడు. "నా ప్రాణం చిలకలో ఉంది కుర్రాడా. ఇక్కడికొచ్చిన ప్రతివాడికీ ఇదే చెబుతాను. ఏ చిలకో పట్టుకుంటే నా గడ్డం నీది, నా ప్రాణమూ నీది. మూడుసార్లు చూడొచ్చు. ఒకసారి తప్పితే మోకాళ్ళదాకా రాయివవుతావు. రెండోసారి తప్పితే నడుందాకా. మూడోసారి తప్పితే బయట నీకు చోటుంది."

పుండరీకుడు చుట్టూ చూశాడు. పంజరంలో చిలక ఉంది కదా. తలుపు తీసి దాన్ని పట్టుకున్నాడు.

"అదే అనుకుంటే మెడ నులుము" అన్నాడు కరాళుడు.

చిలక వణుకుతూ, "నేన్నీకేం చేశాను బాబూ?" అంది. పుండరీకుడికి చేతులాడలేదు. తీసుకెళ్ళి కిటికీలో వదిలేశాడు. "పట్టుకోవడమే లెక్క, నులిమినా ఒకటే, వదిలినా ఒకటే" అన్నాడు కరాళుడు. పుండరీకుడు మోకాళ్ళదాకా రాయైపోయాడు. చిలక మాత్రం ఎగిరిపోలేదు. కిటికీలోనే కూర్చుంది.

"బాబూ, మా పిట్టల్లో ఎవరిలోనూ అతని ప్రాణం లేదు" అంది. "మా అమ్మని నులిమారు, మా బాబాయిని నులిమారు, మా పెళ్ళివారందర్నీ నులిమారు. అతను హాయిగా గడ్డం దువ్వుకుంటూనే ఉన్నాడు."

ఇంతలో భోజనమైంది. కరాళుడు ఆవులించి, "మంజిష్ఠా, చిలకలేవే?" అన్నాడు. మంజిష్ఠ పళ్ళెం తెచ్చింది. దాన్నిండా లవంగం గుచ్చి చుట్టిన తమలపాకు చిలకలు.

చిలకలు! పుండరీకుడికి గాడిదలేని గాడిదగడపాకు గుర్తొచ్చింది. చిలక అంటే పిట్టేనని ఎవడు చెప్పాడు? చెయ్యి చాచి పళ్ళెంలోంచి పైనున్న చిలక లాక్కుని విప్పేశాడు. లోపల వక్క ఉంది, సున్నం ఉంది. ప్రాణం లేదు. కరాళుడు మిగిలినవాటిలో ఒక చిలక నోట్లో పెట్టుకుని, "పిట్టని దాటి వచ్చినవాడివి నువ్వొక్కడివే. అయినా ఏం లాభం" అన్నాడు. పుండరీకుడు నడుందాకా రాయైపోయాడు.

చూశారా! గాడిద చేత తన్నించుకుని నేర్చుకున్నవాడు కూడా పేరు వినగానే మళ్ళీ పరిగెత్తాడు. అడగాల్సిన చోట లాక్కున్నాడు.

ఇప్పుడు కదలడానికి లేదు. మంజిష్ఠ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. పుండరీకుడికి తండ్రి గోడవైపు తిరిగి పడుకున్న వీపు గుర్తొచ్చింది. నేనిక్కడ రాయైపోతే, నేనెందుకు రాలేదని కూడా ఆయన ఎవర్నీ అడగడు, అనుకున్నాడు. చాలా భయమేసింది, చాలా దిగులేసింది. దిగులేసినప్పుడు వాడికి తెలిసిన పని ఒక్కటే.

"తాతగారూ, ఒక్కమాట అడగొచ్చా?"

కరాళుడు దువ్వెన ఆపాడు. ఆ దీవికొచ్చినవాళ్ళు కత్తులు దూశారు, వలలు వేశారు, కాళ్ళమీద పడ్డారు. ఎవరూ ఏదీ అడగలేదు. ఆయనకీ కాస్త సరదా వేసింది. "అడుగు" అన్నాడు.

"బయట రాళ్ళైపోయిన రాజకుమారులందరూ పిట్టల్నే పట్టుకున్నారా?"

"పిట్టల్నే. ఒక్క వెధవకీ ఏ చిలక అని అడగాలని తోచలేదు."

"మీ ఇంట్లో చిలక అని పేరున్నవి ఇంకేమున్నాయి?"

"చెప్పను" అన్నాడు కరాళుడు. అది అబద్ధం కాదు. గడ్డానికేమీ కాలేదు.

పుండరీకుడు గోడవైపు చూశాడు. తన ఉత్తరీయం ఒక కొయ్యకి వేలాడుతోంది. దాని పక్కది ఖాళీగా ఉంది. ఎర్రచేవ మానుతో చెక్కిన కొయ్య అది. చిలకముక్కులా వంగిన దాని కొసకి కొత్తగా పూసిన ఎరుపు.

"పోనీ ఇది చెప్పండి. నేనొచ్చినప్పుడు ఆ ఇటుపక్క చిలకకొయ్యకి నా ఉత్తరీయం ఎందుకు తగిలించనివ్వలేదు?"

ఈ ప్రశ్న వస్తుందని కరాళుడు కలలో కూడా అనుకోలేదు. చెప్పనని తప్పించుకోవాలని కూడా తోచలేదు. తడబడిపోయాడు. "అది... అది బరువాగదు. పాతది. ఊడిపడుతుంది" అనేశాడు.

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఏం లాభం! గడ్డం మధ్యలో ఒక వెంట్రుక తెల్లగా మెరిసింది.

"నెరిసింది! నెరిసింది!" అని కిటికీలో చిలక గోలపెట్టింది.

"అయితే ఇదే నా మూడోది" అన్నాడు పుండరీకుడు. "మీ ప్రాణం ఆ చిలకకొయ్యలో ఉంది."

కరాళుడు కొయ్యవైపు దూకబోయాడు. ఆ లోపలే కిటికీలోంచి చిలకలు వచ్చిపడ్డాయి. దీవిలో ఉన్న చిలకలన్నీ. ఎన్నాళ్ళ కసి అది! ముక్కులతో గోడ సున్నమంతా పెల్లగించి, కొయ్యని ఊడబెరికి పుండరీకుడి చేతిలో పెట్టాయి. పుండరీకుడు దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. కరాళుడు ఉన్నచోటే కూలబడ్డాడు.

ఇక్కడితో గెలిచినట్టే అనుకుంటున్నారా? అసలు గండం ఇప్పుడొచ్చింది. ప్రాణభయంతో ఆ ముసలాడు బతిమాలడం మొదలెట్టాడు. "నాయనా, నేను చీమకైనా హాని చేయలేదు" అన్నాడు. పిడికెడు గడ్డం తెల్లబడిపోయింది. "ఈ చెట్లని కన్నబిడ్డల్లా చూసుకున్నాను" అన్నాడు. ఇంకో పిడికెడు.

"మాట్లాడకు తాతా! దండం పెడతాను, నోరు ముయ్యి!" అని పుండరీకుడు కేకలు పెట్టాడు. ఒక్కో అబద్ధానికీ తండ్రి మందు కళ్ళముందే మాయమైపోతోంది. తనేమో నడుందాకా రాయి, అడుగు వేయలేడు. "నీమీద నాకు ఎంత ప్రేమనుకున్నావు!" అన్నాడు కరాళుడు. ఈసారి ఏకంగా మూరెడు పోయింది.

మంజిష్ఠ పళ్ళెం విసిరేసింది. ఉన్న తమలపాకు చిలకలన్నీ పోగుచేసి ముసలాడి నోట్లో కుక్కింది. ఆయన మాట పెగలక బుగ్గలు పూరించి చూస్తుండగా కత్తెర తెచ్చి, ఎర్రగా మిగిలిన గడ్డం మొదటికంటా కత్తిరించింది. మిగిలింది జానెడు.

ఎరుపు పోయింది, మంత్రం పోయింది. పుండరీకుడి కాళ్ళు మళ్ళీ కాళ్ళయ్యాయి. బయట రాళ్ళన్నీ మనుషులయ్యాయి. రాజకుమారుల గుప్పిళ్ళలో రాతి చిలకలు బతికి, ముందుగా ఆ వేళ్ళు కొరికి అప్పుడు ఎగిరిపోయాయి. మంజిష్ఠ వాళ్ళమ్మని వాటేసుకుని ఎంతసేపు ఏడ్చిందో నేను చెప్పలేను.

కరాళుడు గడ్డం లేకుండా చూస్తే ఉత్త ముసలాడు. తమలపాకులు ఉమ్మేసి, "కొయ్య విరిచేస్తావా?" అన్నాడు.

"విరవను తాతగారూ. కానీ నాతో పట్టుకుపోతాను. మీరు ఈ చెట్ల గాట్లన్నిటికీ మట్టిమెత్తండి. చెట్లు కోలుకునేదాకా అదే మీ పని" అన్నాడు పుండరీకుడు. గడ్డం మూటకట్టుకుని తాబేలు దగ్గరికి బయల్దేరాడు.

"అందులోంచి మందెలా తీస్తారు?" అని వెనకనుంచి మంజిష్ఠ అడిగింది.

"నీళ్ళలో నానబెడతాను."

"ఏడాది నానబెట్టినా నీళ్ళకి లొంగదది. కల్లుకి లొంగుతుంది. నేను రాకపోతే మీరు గడ్డమే నూరి గాయానికి పూసేట్టున్నారు" అని వాళ్ళమ్మతో చెప్పి తనూ తాబేలెక్కింది.

కల్లుసముద్రంలో దొప్పతో కల్లు ముంచి, గడ్డం అందులో నానేసింది. కాసేపటికి దొప్ప ఎర్రబడింది, గడ్డం తెల్లబడింది. తాబేలు కూడా దాహమని నాలుగు గుక్కలు వేసి, ఉప్పుసముద్రం దాటేదాకా పాడుతూనే ఉంది. దాని డిప్పమీద ఎండలో పెట్టిన దొప్పలో కల్లు ఇగిరిపోయి, అడుగున ఒక గడ్డ మిగిలింది. ఉసిరికాయంత ఉంది. అంతే.

వాళ్ళు పొన్నగిరి చేరేసరికి ఆకాశం తేటపడుతోంది. చివరి వాన తుంపరలు పడుతున్నాయి. రాజుకి స్పృహ లేదు. ముఖం సున్నం కొట్టినట్టుంది. భట్టు ఆ గడ్డ అందుకుని కల్వంలో నూరాడు. నేతిలో కలిపి గాయానికి పట్టించాడు. అన్నలిద్దరూ చెరోపక్కా కాలు పట్టుకున్నారు. పుండరీకుడు మంచం దగ్గర కింద కూర్చున్నాడు.

నెత్తురు సన్నబడింది. తర్వాత ఆగింది. కట్టిన గుడ్డ పొడిగా ఉండిపోయింది. భట్టు ఆ పొడిగుడ్డని తీసి కళ్ళకద్దుకున్నాడు.

మూడోనాడు పొద్దున రాజు కళ్ళు తెరిచాడు. గోడవైపు కాకుండా ఇటువైపు చూశాడు. మంచం పక్కన నేలమీద చిన్నకొడుకు కనిపించాడు. జుట్టంతా ఉప్పు, బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళ కింద నలుపు. రాజు చాలాసేపు చూశాడు. పెదవులు కదిపాడు, ఆగాడు, మళ్ళీ కదిపాడు. నీళ్ళు కావాలేమోనని భట్టు వంగాడు. నీళ్ళు కాదు.

"అన్నం తిన్నావా నాయనా?" అన్నాడు రాజు.

గదిలో అందరూ కొయ్యబారిపోయారు. పొద్దున లేస్తే నూరు ప్రశ్నలడిగే పుండరీకుడికి ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రాలేదు. కోట దాటేదాకా ఆపుకున్న ఏడుపంతా అప్పుడొచ్చింది. తండ్రి చెయ్యి మొహానికి ఆనించుకుని, "లేదు నాన్నగారూ" అన్నాడు. రాజు పళ్ళెం తెప్పించి తన మంచం మీదే పెట్టించాడు. కొడుకు తింటుంటే పక్కన కూర్చుని చూశాడు. ఒక ముద్ద తనూ తిని, "ఇందులో కాస్త ఉప్పు వేస్తారా?" అని అడిగాడు. వంటవాడు సంతోషంతో ఉప్పుజాడీ జాడీయే తెచ్చిపెట్టాడు.

కట్ట తెగినట్టు ఇక రాజు అడగడం ఆపలేదు. ఆ అమ్మాయెవరు అన్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నాడు. మావాణ్ణి చేసుకుంటావా అమ్మా అని తనే అడిగేశాడు. మంజిష్ఠ తలొంచుకుని, "ఆయన నన్ను బోలెడన్ని అడిగారండీ, ఆ ఒక్కటీ అడగలేదు" అంది. పుండరీకుడు అడిగాడు. మంచిరోజు చూసి పెళ్ళి చేశారు. పెళ్ళికి చిలకలన్నీ వచ్చాయి. తాబేలూ వచ్చింది గానీ దానికి కల్లు పోయలేదు.

రాజు ముసలివాడయ్యాక రాజ్యం చిన్నకొడుక్కి ఇచ్చాడు. మాకెందుకివ్వలేదని పెద్దవాళ్ళిద్దరూ అడగలేదు. వాళ్ళకి అడిగే అలవాటు లేదు కదా! కెంపుదీవి చెట్లు కోలుకుని, ఏడాదికి చెట్టుకొక్క దొప్ప చొప్పున నాగనెత్తురు మళ్ళీ ఓడలమీద వచ్చింది. ఆ చిలకకొయ్యని పుండరీకుడు తన గదిలో గోడకి కొట్టించాడు. రోజూ సభ నుంచి వచ్చి తలపాగా దానికే తగిలించేవాడు. తగిలించినప్పుడల్లా ఏడు సముద్రాల అవతల చెట్లకి మట్టిమెత్తుతున్న ఒక ముసలాడు తుమ్మేవాడట. పుండరీకుడూ మంజిష్ఠా చాలాకాలం రాజ్యమేలారు. వాళ్ళ రాజ్యంలో ఎవరు దేన్ని గురించి అడిగినా ఎవరూ నవ్వలేదు.

కథ దాని దీవికది వెళ్ళిపోయింది. ఇంతకీ మీరు అన్నం తిన్నారా?